ఎర్లీన్ ఊపిరి పీల్చుకున్న చోటు

నేను ఒక గ్రామఫోన్ రికార్డును. సికింద్రాబాదు లాలాగూడలో, రైలు పట్టాల పక్క ఇంట్లో యాభై ఏళ్ళుగా కాపురం ఉంటున్నాను. మొన్న శుక్రవారం పొద్దున ఆ ఇంట్లో నా అట్ట గురించి గొడవ జరిగింది. కోడలు కెజియా నన్ను తీసి మంచం మీద పడుకోబెట్టి, అట్టను తోడేసిన పాలగిన్నె మీద మూతగా పెట్టింది.

"పాలమీదికి నీకు ఎర్లీనమ్మనే దొరికిందా?" అంది అత్తగారు సువార్తమ్మ.

"మూత కనపడలే అత్తమ్మా. అయిదు నిమిషాలు పెట్టిన, అంతే."

"అయిదు నిమిషాలకే ఆమె ముఖమంతా ఆవిరి పట్టింది, చూడు."

అట్ట మీది ఆ ముఖం నాలో పాడే ఎర్లీన్ టేట్‌ది. అమెరికాలో పత్తి పండే ఊళ్ళో పుట్టింది. వాళ్ళమ్మ పరాయి ఇళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తూ, ఇస్త్రీ పెట్టె బల్ల మీద పడే చప్పుడునే తాళంగా చేసుకుని పాడేది. పిల్ల బల్ల కింద కూర్చుని వినేది. పెద్దయ్యాక పియానో ముందు కూర్చుని, చర్చిలో మోకాళ్ళ మీద పాడే రాగంతో ప్రేమనూ బతుకునూ పాడింది. అంతకు ముందు ఆ పని ఎవరూ చేయలేదు. చర్చి పెద్దలు మండిపడ్డారు. కొన్నేళ్ళకు ఆ పెద్దల పిల్లలే ఆమెలాగా గొంతు సాగదీసి పాడి పేరు తెచ్చుకున్నారు. మనుషులు తిట్టిన నోటితోనే నేర్చుకుంటారు.

నన్ను ఈ ఇంటికి తెచ్చింది సువార్తమ్మ భర్త, రైల్వే గార్డు దైవసహాయం. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం సామాను ఇచ్చేస్తుంటే, అందరూ కుర్చీలూ బీరువాలూ తెచ్చుకున్నారు. ఆయన నన్నూ, నన్ను తిప్పే ప్లేయరునూ తెచ్చాడు. కుర్చీ తేలేదని సువార్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లోనే, ఆయన ఒక్కడే వింటుండగా గూడ్సు బండి పోయి ఇల్లు అదిరింది. ప్లేయరు ముల్లు ఎగిరి నా ఒంటి మీద గీత పడింది. ఆయన ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మగవాళ్ళు చెప్పని సంగతులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

మూడో రోజు ఆమె నాలోని పాట విని, గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలో కూర్చుండిపోయింది. నెల తిరిగేసరికి ఆ పాటకు తెలుగు మాటలు కట్టింది.

నది దాటేదాకా నా చేయి విడువకు
అవతలి ఒడ్డున అమ్మ నిలుచున్నది

ఆ రెండు వరసల మధ్య, గీత పడ్డ చోట, ముల్లు ఒక చుట్టు దాటేసేది. అందుకని సువార్తమ్మ రెంటినీ ఒక్క ఊపిరిలో పాడేది. చర్చి పాటల బృందానికి అలాగే నేర్పింది. వాళ్ళ ఊపిరి గురించి వేరే చర్చిల వాళ్ళు కూడా గొప్పగా చెప్పుకునేవారు. అక్కడ ఊపిరి పీల్చిన వాళ్ళు బృందంలోంచి తప్పుకోవాలని ఆమె నియమం పెట్టింది. పన్నెండేళ్ళ కిందట తన ప్రాణ స్నేహితురాలు రూతమ్మను అలాగే తప్పించింది. రెండేళ్ళ కిందట తనకే ఊపిరి చాలలేదు. ఎవరూ అనకముందే తప్పుకుంది. ఆనాటి నుంచి వంటింట్లో కూడా కూనిరాగం తీయలేదు.

శుక్రవారం, గొడవ సద్దుమణిగాక, మనవరాలు మెర్సీ అట్ట తుడుస్తూ పేరు చదివి, ఆ పాటను ఫోన్లో వెతికి పెట్టింది.

"నానమ్మా, ఈమె మధ్యల ఆగుతది."

"నీ ఫోన్ల నెట్టు ఆగుంటది."

"మూడుసార్లు పెట్టిన. మూడుసార్లూ గదే జాగల ఆగుతదా నెట్టు?"

మెర్సీ నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురుకు వంచి చూసి, గీత మీద గోరు పెట్టింది. సువార్తమ్మ కళ్ళజోడు తెచ్చుకుని వంగింది. తరవాత ఫోన్ చెవికి ఆనించుకుంది. మొదటి వరస అయ్యాక ఎర్లీన్ ఆగింది. పియానో ముందున్న కుర్చీ కిర్రుమంది. ఆమె నిండుగా ఊపిరి పీల్చుకుంది. అలసిపోయిన మనిషి నీళ్ళబిందె దించి పీల్చుకునే ఊపిరి అది. అప్పుడు రెండో వరసకు, అమ్మ నిలుచున్న అవతలి ఒడ్డుకు పోయింది. యాభై ఏళ్ళుగా ఆ ఊపిరిని ఒంట్లో దాచుకుని ఉన్నాను. బయట పెట్టే దారి నాకు లేకపోయింది.

"ఇంకోసారి పెట్టు," అంది సువార్తమ్మ. మధ్యాహ్నం దాకా పెట్టిస్తూనే ఉంది.

భోజనాలకు కూర్చున్నారు. పొద్దున తోడేసిన పెరుగు గడ్డలాగా తోడుకుంది. ఇప్పుడు బృందాన్ని నడిపేది కెజియాయే. అత్తగారి ముఖం చూసి, ఆమే మెల్లగా కదిపింది.

"పోనీయండి అత్తమ్మా. ఎవరికి తెలుస్తది? ఆదివారం ఎప్పటిలెక్కనే పాడుతం. మనది మంచిగనే ఉంటది."

"మంచిగనే ఉంటది. కాదంటలేను," అంది సువార్తమ్మ. అన్నంలో పెరుగు కలిపింది. "గంత పాట పాడినామెనే ఆగి, ఊపిరి పీల్చుకున్నది. నేను రూతమ్మను లేపి, వెనక బెంచీల కూసోబెట్టిన."

ఆమె మెర్సీ వైపు తిరిగింది.

"తిన్నంక రూతమ్మకు ఫోన్ కలుపు. ఆదివారం ముందు వరసల రెండు కుర్చీలు వెయ్యమను, కెజియా. మేమిద్దరం పాడుతున్నం. అమ్మ కాడికి పోయేముందు అందరూ ఆగాలె."