ఒక్క రొయ్యే కదా

ఎరిక్ డిప్లొమా పరీక్షలకు కూడా అంతలా చదివి ఉండడు. నెల రోజులపాటు ఫోన్‌లో వీడియోల మీద వీడియోలు చూసి, సముద్రాల అవతల ఎవరో పీతలూ రొయ్యలూ మొక్కజొన్న పొత్తులూ బంగాళాదుంపలూ ఒకే డేగిసాలో ఉడకబెట్టి, నీళ్ళు వార్చి, బల్ల మీద కుమ్మరించుకుని తింటారని నేర్చుకున్నాడు. కంచాలుండవు, గిన్నెలుండవు. అందరూ బల్ల చుట్టూ నిలబడి ఒకే కుప్పలో చేతులు పెట్టి కెలుక్కోవడమే. దానికి బాయిల్ పార్టీ అని పేరట. ఆ బెంగాలీ ఊళ్ళో తెలుగువాళ్ళుండే పూరీ గేట్ రైల్వే క్వార్టర్లలో ఇలాంటిది ఇదే మొదటిదని తాను పనిచేసే రైల్వే వర్క్‌షాపంతా చాటింపు వేశాడు. రెండోది జరగదని ఏంజలిన్‌కు ఎరిక్ వాళ్ళ ఇంటి గేటు తీస్తుండగానే తెలిసిపోయింది.

పెరట్లో పెళ్ళిళ్ళ డెకరేటర్ దగ్గర అద్దెకు తెచ్చిన పొడవాటి బల్ల వేసి, దాని మీద బెంగాలీ పేపర్లు పరిచారు. పేపర్ల మీద ప్లాస్టిక్ కాగితం. పక్కనే వంటల వాళ్ళ గ్యాస్ పొయ్యి మీద ముగ్గురు మనుషులు పట్టేంత డేగిసా. ఏప్రిల్ ఎండ మధ్యాహ్నం మూడున్నరకు కూడా మాడ్చేస్తుంటే, పదిహేనుమంది మగాళ్ళూ ఆడాళ్ళూ చేతులకు నల్ల గ్లవ్స్ తొడుక్కుని నిలబడ్డారు. వీడియోలో అలాగే ఉందట. ఏంజలిన్‌కు నవ్వొచ్చింది. ఆమె ప్రేమ్ బజార్‌లో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది. వారానికి ఐదు రోజులు అవే గ్లవ్స్ వేసుకుని జనం రక్తం తీస్తుంది, సీసాల్లో తెచ్చిందల్లా అందుకుంటుంది. వాటితో అన్నం తినొచ్చని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

నవ్వయితే వచ్చింది గాని, ఊరికే నవ్వి పోవడానికి రాలేదు. ఇవాళ ఆమె ఎరిక్‌కు మాట చెప్పాలి. మూడేళ్ళుగా ఇద్దరూ తిరుగుతున్నారు. క్రిస్మస్‌కు పెళ్ళి చేసుకుందామని అడిగాడు. ఈస్టర్ వెళ్ళాక చెబుతానంది. ఈస్టర్ వెళ్ళి రెండు వారాలైంది. మలంచాలోని ఇంటి నుంచి ఆటో ఎక్కేటప్పుడు తొంభై పాళ్ళు ఔననే చెప్పాలనుకుంది. మనిషి చెడ్డవాడు కాడు. వర్క్‌షాపులో జూనియర్ ఇంజనీరు, తాగుడు లేదు, నవ్విస్తాడు. గొప్పలు పోతాడంతే. గొప్పలు పోని మగాణ్ణి ఆమె ఇంతవరకు చూడలేదు కూడా.

మిగిలిన పది పాళ్ళే పేచీ. ఇద్దరివీ రైల్వే కుటుంబాలే, ఇద్దరిదీ క్రైస్తవమే. కాకపోతే ఏంజలిన్ వాళ్ళది శనివారం ఆరాధన చేసే సంఘం. ఆ సంఘంలో పొలుసులూ రెక్కలూ ఉన్న చేప తినొచ్చు. పీతలు, రొయ్యలు, ఆల్చిప్పలు ముట్టరు. వాళ్ళ తాత బాయిలర్ షాపులో పని చేసిన రోజుల నుంచీ ఆ ఇంటి పొయ్యి మీదికి రొయ్య ఎక్కలేదు. ఇంట్లోవాళ్ళ బలవంతమూ కాదు. పదిహేనో ఏట బాప్తిస్మం తీసుకుంటూ తన నోటితో తానే ఒప్పుకున్న మాట అది. దేవుడు ఒక రొయ్య కోసం లెక్క చూస్తాడా అంటే ఆమెకు తెలియదు. తానిచ్చిన మాటను తానే చూసుకోవాలని మాత్రం తెలుసు.

ఎరిక్‌కు ఇది చెప్పింది. దీఘా బీచ్‌లో మొదటిసారి చెప్పింది. స్నేహితురాలు వినీల పెళ్ళిలో విస్తరి ముందు రెండోసారి చెప్పింది. మూడోసారి చెప్పే పని లేకుండా ఎరిక్కే అందరికీ చెప్పేశాడు, "దీనికి ఎలర్జీ" అని. సంఘం మాట చెప్పుకోవడానికి సిగ్గట పెద్దమనిషికి. ఎలర్జీ అయితే మోడరన్‌గా ఉంటుంది కాబోలు.

ఈ పార్టీ మొదట శనివారం అనుకున్నాడు. శనివారం తాను రాలేనని ఏంజలిన్ గుర్తు చేస్తే ఆదివారానికి మార్చాడు. మార్చినవాడు ఊరుకున్నాడా? గేటు దగ్గర నుంచి బల్ల దాకా కనబడిన ప్రతివాడిదీ ఆమెతో అదే మాట. "భాభీ, మీ కోసం డేటే మార్చేసినాడు మావోడు!" అని ఎరిక్ స్నేహితుడు టోని ఫోన్ కెమెరా మొహం మీద పెట్టి మరీ అన్నాడు. ఇంకా పెళ్ళే కాలేదు, అప్పుడే భాభీ, వదినట. రోజు మార్చినవాడు తిండి సంగతీ చూసే ఉంటాడులే అని ఆమె అనుకుంది. ఎక్కడో ఒక పక్క చిన్న గిన్నెలో పొలుసులుండే రూయి చేప ముక్కలు నాలుగు ఉంటాయని నమ్మింది. మనిషి ఎంత తెలివైనదైనా ఒక్కోచోట తెలివి తక్కువ పని చేయకుండా ఉండదు.

డేగిసా దించారు. నీళ్ళు ఎలా వార్చాలో ఎవరూ ఆలోచించలేదు. వీడియోలో లోపల జల్లెడ బుట్ట ఉంటుంది, ఇక్కడ లేదు. నలుగురు గోనెసంచులు పట్టుకుని వంచారు. ఉప్పు, కారం, వెన్న కలిసిన ఆ మరుగునీళ్ళన్నీ ఎరిక్ తల్లి ఎలీసమ్మ పెంచుకున్న కరివేపాకు చెట్టు మొదట్లోకి పోయాయి. వాటి వెంట సగం బంగాళాదుంపలూ పోయాయి. మిగిలినదాన్ని "వన్, టూ, త్రీ" అంటూ బల్ల మీద కుమ్మరించారు. ఓ పీత దొర్లుకుంటూ వెళ్ళి కింద పడింది. చప్పట్లు. వర్క్‌షాపు నుంచి వచ్చిన బెంగాలీ దాదా ఒకాయన ఓ రొయ్యను ముక్కు దగ్గర పెట్టుకుని, కాస్త ఆవపిండి తగిలిస్తే ఎంత బాగుండేదో అని నిట్టూర్చాడు. ఆన్‌లైన్‌లో తెప్పించిన అమెరికా మసాలాకు ఉప్పు తప్ప మరో రుచి లేదని తెలిసినా, అందరూ "మస్త్, మస్త్" అనుకుంటూ మెక్కుతున్నారు.

ఎరిక్ తండ్రి కృపారావు రిటైరైన ఫిట్టరు. ఆయన గ్లవ్స్ వేసుకోలేదు, నిలబడనూ లేదు. కుర్చీలో కూర్చుని, "ఎలీసా, డెక్కలు వలిసి తే" అని కేకేస్తున్నాడు. ఎలీసమ్మ పీత డెక్కలు పళ్ళతో పగలగొట్టి, లోపలి కండ తీసి పళ్ళెంలో పెట్టి అందిస్తోంది. కొడుకు అమెరికా పద్ధతిలో బల్ల వేశాడు గాని, తండ్రి పద్ధతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఏంజలిన్ బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. గుడ్లు, మొక్కజొన్న, దుంపలు, అన్నీ పీతల నీళ్ళలో ఉడికినవే. చిన్న గిన్నె ఏదీ లేదు. ఆ బల్ల మీద ఆమె తినగలిగినవి నిమ్మకాయ ముక్కలు మాత్రమే.

అప్పుడు ఎరిక్ వచ్చాడు. ఓ పెద్ద రొయ్యను పొట్టు వలిచి, వెన్నలో ముంచి, రెండు వేళ్ళతో పట్టుకుని ఆమె నోటి ముందు పెట్టాడు. టోని కెమెరా తిప్పాడు. అందరూ మూగారు.

"ఏంజీ, నోరు తెరు. ఫస్ట్ నీకే."

"తింటే ఎస్ అన్నట్టే భాభీ!" అన్నాడు టోని. అందరూ లయగా చప్పట్లు మొదలుపెట్టారు.

"నాను తిననని నీకు తెలుసు కదా," అంది ఏంజలిన్ గొంతు తగ్గించి.

"ఒక్క రొయ్యే కదా. ఏటవుద్ది? ఏక్ బార్, ఒక్కసారి."

ఆమె మొహం తిప్పేసింది. వెన్న ఆమె చున్నీ మీద కారింది. ఎరిక్ అందరి వైపు తిరిగి, "ఎలర్జీ ఎలర్జీ అంటాది గాని, అదంతా మైండులోనే!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. తర్వాత ఆమె చెవి దగ్గరకు వంగి, నవ్వు మొహం మీదే ఉంచుకుని మెల్లగా అన్నాడు.

"అందరి ముందూ పరువు తీస్తన్నావు. పెళ్ళయినాక ఎలాగూ తినాలి కదా. మా ఇంట్లో వారానికి మూడ్రోజులు ఇదే. ఇవాళ్టి నుంచే అలవాటు సేద్దామనే కదా ఇదంతా పెట్టినాను."

ఏంజలిన్‌కు ఒళ్ళు మండింది. మర్చిపోయాడనుకుంది ఇంతసేపూ. మర్చిపోయి ఉంటే క్షమించేదేమో కూడా. మర్చిపోలేదు. ఎంత బాగా గుర్తుందంటే, ఆమె పట్టుకున్న మాటను విరగ్గొట్టడానికి నెల రోజులు వీడియోలు చూసి, డేగిసా తెచ్చి, పదిహేనుమందిని పిలిచాడు. ఇంత శ్రద్ధ మంచి పని మీద పెట్టి ఉంటే ఈపాటికి సీనియర్ ఇంజనీరై ఉండేవాడు.

చున్నీ కడుక్కుంటానని చెప్పి ఇంటి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఎంత రుద్దినా మరక పోలేదు. తనకు వస్తున్నది కోపమా, ఏడుపా అన్నది ఆమెకే తెలియలేదు. వెనక ఎలీసమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది.

"ఏటమ్మా, మొకం అలాగెట్టీసినావు?" అని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. "నాకు తెలుసులే నీ బాధ. నానూ మీ శనివారపు సంఘం పిల్లనే."

ఏంజలిన్ తలెత్తింది. మూడేళ్ళలో ఆ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

"మీరా ఆంటీ?"

"మరేటి! మా అయ్య శనివారం పొయ్యి కూడా ముట్టించనిచ్చీవోడు కాడు. ఈ ఇంటికొచ్చిన నాలుగో రోజు మా అత్త పీతల కూర ఎట్టినాది. ఆడబిడ్డలంతా సుట్టూ కూకుని నవ్వినారు. వాంతి సేసుకున్నాను. మర్నాడు మళ్ళీ ఎట్టినారు. ఏడాది తిరక్కుండా అలవాటయిపోనాది. ఇప్పుడు పీత లేపోతే నాకు ముద్ద దిగదు, సూడు!"

ఎలీసమ్మ హాయిగా నవ్వింది. ధైర్యం చెబుతున్నాననే ఆమె అనుకుంటోంది.

"మీ నాన్నగారికి తెలుసా?"

"అమ్మో, సెప్పలేదు. పుట్టింటికెల్తే ఆయన పక్కనే కూకుని పాటలు పాడీదాన్ని. వాసనొస్తాదేమోనని నోటికి కొంగు అడ్డెట్టుకునీదాన్ని. ఆయన పోయినాక ఆ బయ్యం కూడా పోనాది." ఆమె పళ్ళెంలో ఓ డెక్క సర్దింది. "నీకంత కష్టం ఉండదులే అమ్మా. అందరి ముందూ ఒక్కసారి తినిపించీరా, సిగ్గు ఒక్క పూటతో పోద్దని మావోడికి నానే సెప్పినాను."

ఏంజలిన్ కుళాయి కట్టేసింది. ఇంతసేపూ ఆ పెరటి మీదా, ఆ గ్లవ్స్ మీదా, ఆ మసాలా మీదా ఆమెకు ఎగతాళే. ఈ మనిషి మీద మాత్రం ఎగతాళి రాలేదు, భయమేసింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఇదే కుళాయి దగ్గర, ఇంకో పిల్ల వీపు మీద చెయ్యి వేసి, తానూ ఇంతే హాయిగా నవ్వుతుంది కాబోలు. తొంభై పాళ్ళలో ఒక్క పాలు కూడా మిగల్లేదు.

తడి చున్నీతోనే బల్ల దగ్గరికి వచ్చింది. ఎరిక్ ఇంకో రొయ్య వలుస్తున్నాడు. పట్టుదల గల మనిషి.

"నానొల్లను," అంది గట్టిగా.

"ఏటి, రొయ్యా?" అన్నాడు టోని కెమెరా వెనక నుంచి.

"రొయ్యా ఒల్లను, పెళ్ళీ ఒల్లను."

టోని ఫోన్ దించాడు. ఎరిక్ మొహం పాలిపోయింది. "పిచ్చెక్కిందేటి నీకు? ఒక్క రొయ్య కోసం మూడేళ్ళు పారేస్తావా?"

"ఒక్క రొయ్య వదులుకోలేంది నాను కాదు ఎరిక్, నువ్వు."

"నేనా? నీ కోసం శనివారం పార్టీని ఆదివారానికి మార్చినాను!"

అతనికి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత త్యాగం వృథా అయిపోయిందని ఏడుపు. ఏంజలిన్‌కు ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలి అతని చేతి నల్ల గ్లవ్ చూశాక పోయింది. బ్యాగు భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఎరిక్కే పిలుస్తాడనుకుంది.

"ఆగే!"

ఎలీసమ్మ. పళ్ళెం చేతిలోనే ఉంది. ఇందాకటి నవ్వు మొహం ఏమైపోయిందో, మొహమంతా జేవురించి ఉంది.

"అంత పొగరేటే నీకు? నీకొక్కదానికే ఉన్నాడేటి దేవుడు? నాను తినలేదేటి? తిని బతకలేదేటి నాను?"

"ఎలీసా, పోతే పోనీ," అన్నాడు కృపారావు కుర్చీలోంచి. "డెక్కలు సల్లారిపోతన్నాయి, ఇలా తే."

ఆమెకు వినబడలేదు. ఎలీసమ్మ ఇంకా ఏదో తిట్టడానికి నోరు తెరిచింది గాని తిట్టు రాలేదు. గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డ ఆ పిల్లను ఎగాదిగా చూసింది.

"ఒల్లనని అనొచ్చని," అంది చివరికి, "అప్పుడు నాకెవులూ సెప్పలేదు."