దొడ్డిదారిన వచ్చింది

"లై... లైట్," అన్నారు డ్రైవరుగారు.

టీచరు చేతిలోని అట్ట మీద ఉన్నది గొడుగు బొమ్మ. అయినా మాటంటూ ఒకటి వచ్చింది కదా అని సంతోషపడి, "భేష్! ఇంకోసారి అనండి," అంది.

ఆయన విసుగ్గా తల అడ్డంగా ఊపి, ఆమె వెనకున్న బల్ల వైపు వేలు చూపించారు. ఆమె తిరిగి చూసింది. కంప్యూటర్ తెర పైనున్న కెమెరా పక్కన చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. ఆమె కెమెరా తెరవలేదు. రోగుల గొంతు రికార్డు చేస్తుందే గానీ ఎప్పుడూ వాళ్ల బొమ్మ తీయదు. కుర్చీలోంచి లేచేలోపే ఆ దీపం ఆరిపోయింది.

పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాటలు నేర్పడం ఆమె వృత్తి. వచ్చేవాళ్లంతా ఆమెను టీచరుగారంటారు. డ్రైవరుగారు ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. వారానికి రెండుసార్లు భార్య ఆయన్ని తీసుకొస్తుంది. ఆ రోజు మిగతా అరగంటా టీచరు చూపు బొమ్మల మీద లేదు.

వాళ్లు వెళ్లాక కెమెరా మీద కాగితం ముక్క అంటించింది. కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. కొన్నాళ్లుగా కంప్యూటర్ ఏ పనీ లేకుండానే వేడెక్కుతోంది. లోపలి ఫ్యాను రొద పెడుతోంది. పాతబడింది లెమ్మని ఊరుకుంది. ఇప్పుడు చూస్తే తెర మూలన ఎప్పుడూ ఉండే యాంటీవైరస్ గుర్తు కూడా లేదు.

అందులో నలభై ఇద్దరి గొంతులున్నాయి. కూతురి పేరు గుర్తురాక ఏడ్చిన లెక్చరరు, తన పేరే పలకలేక బల్ల గుద్దిన వకీలు. డ్రైవరుగారి మొదటి వారం రికార్డుల్లో అయితే బూతులు తప్ప ఇంకేమీ లేవు. మాటలన్నీ ఊడ్చుకుపోయినా ఒక్కోసారి తిట్లు మాత్రం మిగిలిపోతాయి. "ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదమ్మా. దయచేసి ఎవరికీ వినిపించకండి," అని ఆయన భార్య ఆనాడే బతిమాలింది. టీచరు మాటిచ్చింది.

ఆమె ఆడపడుచుకు ఫోన్ చేసింది. ఒక పెద్దాసుపత్రిలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు, ఒకచోట కుదురుగా కూర్చోదని. ఏం చెప్పినా పాఠం చెప్పినట్టే చెబుతుందని టీచరుకు ఆమెంటే లోలోపల కాస్త కినుక. ఇప్పుడు కినుక చూసుకునే సమయం కాదు.

"వదినా, ముందు నెట్ పీకెయ్. ఇంకేం ముట్టుకోకు. అందులోంచి మెయిల్ గానీ బ్యాంకు గానీ తెరిచావంటే ఊరుకోను. వస్తున్నా."

గంటలోపే సంచీతో వచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది: "ఈమధ్య ఇందులో కొత్తగా ఏమైనా వేశావా? ఊరికే దొరికిందనో, ఎవరో పంపారనో?"

"లేదు," అంది టీచరు వెంటనే.

అది అబద్ధం. మూడు వారాల కిందట, రికార్డుల్లోంచి వీధి హారన్ల మోత తీసేసే సాఫ్ట్‌వేర్ కోసం వెతికింది. అసలుది ఖరీదు. ఎవరో దాని తాళం విరగ్గొట్టి ఊరికే పెట్టిన కాపీ దొరికింది. 'వేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి, లేకపోతే పొరపాటున అడ్డుకుంటుంది' అని ఆ పేజీలోనే రాసి ఉంది. ఆమె ఆపేసింది. అనుమతి ఇస్తావా అని కంప్యూటర్ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునని నొక్కింది. పనయ్యాక యాంటీవైరస్ మళ్లీ పెట్టింది. హారన్లు మాయమై గొంతులు తేటగా వినిపించాయి. ఆ సంగతి ఈ పిల్లకు చెబితే ఏడాదిపాటు దెప్పుతుంది.

పిచ్చుక ఆసుపత్రిలోని మంచి కంప్యూటర్‌లో సిద్ధం చేసి తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి, దాని నుంచే మెషీన్ నడిచేలా చేసింది.

"లోపలి కాపలావాడికి దొంగ ఎప్పుడో మత్తుమందు పెట్టేసి ఉంటాడు. అందుకే బయటినుంచి వచ్చి వెతకాలి."

వెతుకులాటకు రెండు గంటలు పట్టింది. టీచరు కిటికీ తెరిచింది, మూసింది. బొమ్మల అట్టల్ని వరసగా పేర్చి, చెదరగొట్టి, మళ్లీ పేర్చింది.

"అసలేమిటే ఇది? వైరసా?"

"బ్యాక్‌డోర్ వదినా. దొడ్డిదారి. గొడవ చెయ్యదు, దేన్నీ పాడుచెయ్యదు. మూల కూర్చుని బయటివాడికి కబురు పెడుతుంటుంది, తలుపు తీసే ఉంది రమ్మని. వాడు ఫైళ్లు పంపమంటే పంపుతుంది, కెమెరా పెట్టమంటే పెడుతుంది. నువ్వు కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా నీకంటే ముందే లేచి కూర్చుంటుంది."

ఏదో అప్‌డేట్ అన్నట్టు పేరు పెట్టుకుని దాక్కున్న ఫైలు ఒకటి చివరికి దొరికింది. పిచ్చుక దాన్ని తీసేసింది. కంప్యూటర్‌తోపాటు మొదలయ్యే వాటి జాబితాలోంచి కూడా దాని పేరు కొట్టేసింది. యాంటీవైరస్‌ను మళ్లీ లేపి, నెట్ కలిపి, తన ఫోన్‌లోంచి వదిన పాస్‌వర్డులన్నీ మార్పించి వెళ్లింది.

మర్నాడు ఉదయం ఒక రికార్డు శుభ్రం చేయాల్సి వచ్చింది. టీచరు ఆ సాఫ్ట్‌వేర్ గుర్తు వైపు చాలాసేపు చూసింది. నిన్న దొరికింది వేరే ఫైలు కదా, దీన్నేమీ తప్పుపట్టలేదు కదా అని మనసుకు నచ్చజెప్పుకుని తెరిచింది.

పది నిమిషాలు గడవలేదు. ఫ్యాను మళ్లీ రొద మొదలుపెట్టింది. తెర మూలన యాంటీవైరస్ గుర్తు లేదు.

నెట్ తీగ పీకి, ఫోన్ అందుకుంది. అటునుంచి హలో అని వినిపించగానే, "నిన్న నీకు అబద్ధం చెప్పాను," అంది. ఆగకుండా మొత్తం చెప్పేసింది.

అవతల సంచీ జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

"ఏమీ అనవా?"

"అంటాను. తీరిగ్గా కూర్చోబెట్టి అంటాను. ఇప్పుడు పనుంది."

పిచ్చుక వచ్చి ముందు ఆ సాఫ్ట్‌వేర్‌ను పట్టి చూసింది. దాన్ని తెరిచిన ప్రతిసారీ అదే వెళ్లి దొంగను మళ్లీ తెచ్చి కూర్చోబెడుతోంది. "ఇక ఏరుకుంటూ కూర్చుంటే కుదరదు. ఇంకెక్కడ దాక్కుందో నాకూ తెలీదు. మొత్తం తుడిచేసి కొత్తగా వేద్దాం. నిన్నే చెయ్యాల్సింది, నేనే తేలిగ్గా తీసుకున్నా."

గొంతులూ నోట్సూ మాత్రం వేరే డిస్కులోకి ఎక్కించింది. ఒక్క సాఫ్ట్‌వేర్ కూడా కాపీ చేయనివ్వలేదు. ఆ డిస్కును మళ్లీ తనిఖీ చేసింది. తుడిచే ముందు, ఈ నెలలో కంప్యూటర్ నుంచి బయటికి ఎంత వెళ్లిందో చూసి పెదవి కొరుక్కుంది.

"వాడు ఏమేం పట్టుకెళ్లాడో తెలుస్తుందా?" అడిగింది టీచరు.

"చాలానే వెళ్లింది వదినా. అందులో ఏమున్నాయో మాత్రం చెప్పలేను."

సాయంత్రానికి కంప్యూటర్ కొత్తదానిలా తయారైంది. రోజువారీ పనికి, ఏదీ ఇన్‌స్టాల్ చేయడానికి అధికారంలేని మామూలు ఖాతా ఒకటి పెట్టింది పిచ్చుక. పాస్‌వర్డులు మళ్లీ మార్చారు. ఈసారి ఫోన్‌కి వచ్చే అంకెలు కూడా కొడితే తప్ప ఏ ఖాతా తెరుచుకోదు.

కంప్యూటర్ బాగుపడింది గానీ టీచరు అక్కడితో ఊరుకోలేదు. పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చింది. తర్వాత రెండు రోజులు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. తప్పు తనదేనని చెప్పింది, ఊరికే వస్తుందని ఆశపడ్డానని కూడా దాచలేదు. కొందరు పోనీలెండి అన్నారు. ఒకావిడ, "మిమ్మల్ని నమ్మి పంపాం," అని ఫోన్ పెట్టేసి కూతుర్ని మాన్పించింది.

డ్రైవరుగారికి మాత్రం ఎదురుగా కూర్చుని చెప్పాలనుకుంది. వాళ్లు వచ్చిన రోజు చెబుతుంటే ఆయన భార్య మొహం పాలిపోయింది. ఆయన చాలాసేపు నోరు కదిపారు.

"నా... తిట్లు?"

"విని ఉండొచ్చు. కచ్చితంగా తెలీదు. క్షమించండి."

ఆయన మొహం కందగడ్డ అయింది. లేచి గోడ పట్టుకుని బయటికి నడిచారు. భార్య వెంట వెళుతూ, "మాటిచ్చారు కదమ్మా," అంది. ఆ ఒక్క మాటే అంది.

నాలుగు రోజులు టీచరు ఏ పనీ ముగించలేకపోయింది. వంటింట్లోకి వెళ్లి ఎందుకొచ్చానా అని నిలబడిపోయేది. వీధిలో ఆటో ఆగితే తొంగిచూసేది.

ఐదో రోజు పదిన్నరకు, మామూలుగా వచ్చే వేళకే, దంపతులిద్దరూ వచ్చారు. డ్రైవరుగారు తన కుర్చీలో కూర్చుని, బల్ల మీది మైకును ఒక వేలితో అవతలికి నెట్టారు.

"వద్దు."

"వద్దంటే వద్దు. చేత్తో రాసుకుంటాను," అంది టీచరు.

మైకు సొరుగులో పెట్టి, నోటుపుస్తకం తీసింది. ఎప్పుడూ తలుపు దగ్గర కూర్చునే భార్య ఈసారి కుర్చీ లాక్కుని బల్ల దగ్గరకే వచ్చింది. ఆయన పలికినంత వేగంగా టీచరు రాయలేకపోయింది. రెండుసార్లు ఆగమని అడగాల్సి వచ్చింది. అడిగిన రెండుసార్లూ ఆయన ఓపిగ్గా మళ్లీ పలికారు.