అత్తయ్య గొంతు

మా ఆయన గొంతు వింటే ఎక్కడెక్కడి వాళ్ళకో హాయిగా నిద్ర పడుతుందట. నాకు మటుకు ఒళ్ళు మండుతుంది. ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇవాళ అనేస్తున్నాను.

ఆయన ఊపిరి పాఠాలు చెప్తాడు. ఫోన్‌లో ఆయనదే ఒక యాప్ ఉంది. చెవుల్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, ‘ఊపిరి మెల్లగా లోపలికి తీసుకోండి, భుజాలు వదిలెయ్యండి’ అంటూ మెత్తగా చెప్తూ ఉంటాడు. నవ్వకండి. అది మోసం కాదు. ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను తిట్టబోయేది చాలా ఉంది.

అంతకుముందు ఆయన ఒక గోడౌన్‌లో సరుకు చూసుకునేవాడు. అది మూతపడింది. ఇంట్లో కూర్చుని కూర్చుని, ఉన్నట్టుండి గుండె దడ, చేతులు చల్లబడిపోవడం, ఊపిరాడటం లేదంటూ నన్ను గట్టిగా పట్టుకోవడం. డాక్టరమ్మ చూసి, గుండెకేం కాలేదు, బెంగ పట్టుకుంది, ముందు ఊపిరి సరిగ్గా తీసుకోవడం నేర్చుకో అంది. నేర్చుకున్నాడు. నిజంగానే మనిషయ్యాడు. తనలాగే పని పోయిన స్నేహితుడికి అదే పాఠం రికార్డు చేసి పంపితే, ఆ స్నేహితుడు ఇంకొకళ్ళకి, వాళ్ళు మరొకళ్ళకి పంపారు. చూస్తూ చూస్తూ ఉండగానే అది వ్యాపారమైంది. సొంతంగా ఏదో నిలబెట్టాడు మహానుభావుడు. నాకూ గర్వంగానే ఉండేది.

ఇక మా అత్తయ్య గొంతు. దాని సంగతే వేరు. మామయ్య తొందరగా పోతే, ఆవిడ తోపుడు బండి మీద కూరగాయలమ్మి ఈయన్ని పెంచింది. మేడల మధ్య నిలబడి ‘టమాటాలమ్మా’ అని ఒక్క కేక పెడితే, పై అంతస్తులో స్నానం చేస్తున్నవాళ్ళు కూడా సబ్బు వదిలేసి కిటికీ దగ్గరికొచ్చేవారట. ఈయన చదువు, బట్టలు, మా పెళ్ళి, అన్నీ ఆ కేకలోంచి వచ్చినవే. మోకాళ్ళు పోయి బండి మానేసింది కానీ గొంతు మానలేదు. వంటింట్లో పక్కనే నిలబడ్డ నన్ను కూడా వీధి చివర ఉన్నట్టు పిలిచేది.

మాకిద్దరికీ రోజూ పడేది కాదు. ఉప్పు దగ్గర ఒకసారి, తలుపు గడియ దగ్గర ఒకసారి, తడిబట్ట ఆరేసే దగ్గర ఇంకోసారి. ఆవిడ ఒకటంటే నేను రెండనేదాన్ని. అంతా అయ్యాక ఆవిడే, రావే తిందాం, కడుపు మాడ్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తావ్ అని పిలిచేది. నేను మూతి ముడుచుకునే వెళ్ళి కూర్చునేదాన్ని. సుబ్బరంగా తినేదాన్ని కూడా.

అలాంటి ఇంట్లో ఈయన రికార్డింగ్ మొదలుపెట్టాడు. పడకగది గోడలకి దుప్పట్లు వేలాడదీశాడు, కిటికీకి పాత పరుపు అడ్డం పెట్టాడు. తలుపు పిడికి ఎర్ర తువ్వాలు కట్టాడంటే లోపల పాఠం నడుస్తోందని అర్థం. ఇక కుక్కర్ పెట్టకూడదు, కుళాయి తిప్పకూడదు, గిన్నె కింద పెట్టకూడదు. తుమ్ము వస్తే వీధిలోకి పరిగెత్తాలి. జనాలకి ప్రశాంతత పంచడానికి మేము ఇంట్లో దొంగల్లా తిరిగేవాళ్ళం.

అత్తయ్యకి ఆ తువ్వాలు గుర్తుండేది కాదు. బండి దగ్గర నిలబడి అరిచిన మనిషికి హఠాత్తుగా గుసగుసలు ఎలా వస్తాయి? భోజనం వేళ దాటితే చాలు, కొడుకుని కేకేసేది. మొదట్లో ఈయన బయటికొచ్చి దణ్ణం పెట్టి బతిమాలేవాడు. తర్వాత తర్వాత చూపులతోనే కాల్చేవాడు. కొన్నాళ్ళకి కంప్యూటర్లో శబ్దాలు తుడిచేయడం నేర్చుకున్నాడు. ఒకరోజు నన్ను పిలిచి గొప్పగా చూపించాడు. తెర మీద సన్నటి గీత పోతూ పోతూ ఒకచోట ముద్దలా ఉబ్బింది. ఇదిగో ఈ ముద్దే మా అమ్మ అన్నాడు. వేలితో ఒక్క నొక్కు నొక్కితే ముద్ద పోయి గీత నున్నగా అయిపోయింది. ఇద్దరం నవ్వుకున్నాం. తుడిచినవి దాచుకుని, తుడవనివి కంప్యూటర్లో చోటు చాలదని పారేసేవాడు.

తర్వాత అత్తయ్య గొంతు బొంగురుపోయింది. జలుబేమో అనుకున్నాం. జలుబు రాలేదు, బొంగురూ పోలేదు. ఆస్పత్రికి తీసుకెళ్దామని నేనన్నాను. ఈయన విన్లేదు. జీవితమంతా అరిచిన గొంతు కదా, అలిసిపోయింది, దానికి కావాల్సింది విశ్రాంతి, ఆస్పత్రికి వెళ్తే లేనిపోని భయాలు పెడతారు, ఒక నెల మౌనం పాటిస్తే అదే సర్దుకుంటుంది అన్నాడు. నేను మళ్ళీ అనబోతే అత్తయ్యే నా నోరు మూయించింది.

“ఊరుకోవే. ఊళ్ళో వాళ్ళందరికీ నయం చేస్తున్నాడు, కన్నతల్లికి చెయ్యడా?”

ఆ గొంతుతో ఆవిడ నాతో అన్న చివరి మాట అదే. మర్నాటి నుంచి మౌనం. కొడుకు ప్రత్యేకంగా ఆవిడ కోసమే ఒక పాఠం చేసి ఫోన్‌లో పెట్టిచ్చాడు. రోజూ పొద్దున్నే చెవుల్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేది. ఆ ముఖంలో ఎంత సంబరమో. కొడుకు ఇంట్లోనే ఉన్నా అంతసేపు ఆవిడతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో మరి. నెల అయ్యాక గొంతు ఇంకా బాగుపడలేదు. అయితే ఇంకో నెల అన్నాడు. ఆ తర్వాత ఇంకోటి.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అబద్ధమెందుకు, నాకూ హాయిగానే ఉంది. ఆయన పనైతే పరుగులు తీసింది. మౌనం మీద ఏకంగా ఒక కోర్సు పెట్టాడు. మొదటి పాఠంలోనే, ‘మౌనం ఎంత అందమైనదో నేను మా అమ్మని చూసి నేర్చుకున్నాను’ అని చెప్పాడు. జనం విరగబడి చేరారు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు చేతికందింది విసిరికొట్టాలనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం అత్తయ్య ముద్ద మింగలేక కంచం పక్కకి నెట్టేసింది. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడొచ్చింది. ఆయన తలుపు పిడికి తువ్వాలు కట్టి లోపలున్నాడు. నేను తువ్వాలు లాగి అవతల పారేసి తలుపు దబదబా బాదాను. ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాం.

గొంతులో కేన్సర్ గడ్డ. పెద్ద డాక్టరు చాలా మర్యాదగా చెప్పాడు. బొంగురుపోయిన కొత్తల్లో తెచ్చుంటే కరెంటు పెట్టి మాడ్చేసేవాళ్ళం, గొంతు దక్కేది, ఇప్పుడు మనిషిని దక్కించుకోవాలంటే గొంతు తీసెయ్యాలి అన్నాడు. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. కుర్చీలో కూర్చుని, ఊపిరి లోపలికి, బయటికి, లోపలికి, బయటికి. తను నేర్పే పాఠమే. అది పని చెయ్యలేదు. నా చెయ్యి పట్టుకోబోతే నేను ఇవ్వలేదు. ఆ ఒక్క పనికి ఇప్పుడు బాధపడుతున్నాను.

ఆపరేషన్ బాగానే అయింది. అత్తయ్య బతికి బట్టకట్టింది. ఇప్పుడావిడ ఊపిరి ముక్కులోంచి కాదు, మెడ కింద పెట్టిన చిన్న రంధ్రంలోంచి పోయి వస్తుంది. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుంటుంది. మాట లేదు. నన్ను పిలవాలంటే చెంచాతో కంచం మీద కొడుతుంది. కోపమొస్తే గట్టిగా కొడుతుంది. ఉప్పు విషయంలో మొన్న కంచం సొట్టపడేలా కొట్టింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, కానీ ఎదురుమాట అనబోయి ఆగిపోయాను. అవతలి మనిషికి నోరు లేనప్పుడు పోట్లాటేంటి?

ఆస్పత్రిలో మాట నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. ఆ అమ్మాయి మాకొక దారి చెప్పింది. అత్తయ్య ఫోన్‌లో అక్షరాలు నొక్కితే ఫోనే పైకి చదువుతుంది. అందులో ముందే ఉన్న గొంతు వినిపించింది. అప్పు కావాలా సార్ అని ఫోన్ చేసే ఆడపిల్ల గొంతులా ఉంది. అత్తయ్య మొహం చిట్లించి ఫోన్ దూరంగా తోసేసింది. అప్పుడా అమ్మాయి, ఈవిడ పాత గొంతు శుభ్రంగా ఓ పావుగంట రికార్డయి ఉంటే తీసుకురండి, ఫోన్ ఈవిడ గొంతుతోనే మాట్లాడేలా చేయొచ్చు అంది. అత్తయ్య గబుక్కున కొడుకు వైపు తిరిగింది. ఆవిడ కళ్ళల్లో అనుమానమే లేదు. రికార్డింగులే బతుకైన కొడుకు దగ్గర ఆవిడ గొంతు లేకపోతే ఇంకెవరి దగ్గరుంటుంది?

ఇంటికొచ్చి వెతకడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో, ఆవిడ పక్కగదిలో ఉండగా చేసిన రికార్డింగులన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ చెవులు రిక్కించి విన్నాడు. అన్నీ నున్నగా ఉన్నాయి. ఎక్కడా చిన్న దగ్గు కూడా లేదు. అంత శ్రద్ధగా తుడిచాడు మరి. ఫోన్‌లో వీడియోలు చూశాం. పళ్ళు ఊడిపోయాయని అత్తయ్య కెమెరా ముందు నోరు తెరిచేది కాదు, కొంగు అడ్డం పెట్టుకునేది. దూరంనుంచే కేకేసే మనిషి కాబట్టి ఫోన్‌లో మాటలు పంపే అలవాటూ లేదు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇప్పుడేడ్చి ఏం లాభం అంది నా మనసు. బయటికి మాత్రం మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

చివరికి తన శ్రోతలకే రాశాడు. మొట్టమొదటి పాఠాలు, ఇంకా తుడవడం తెలియని రోజుల్లోవి, తర్వాత వాటిని తీసేసి కొత్తవి పెట్టాడు, పాతవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని. ఒకే ఒక్కడి దగ్గర ఉంది. ఒక లారీ డ్రైవరు. బండి పక్కకి ఆపుకుని కునుకు తీసేముందు అదే వింటాడట. పంపిస్తూ ఒక మాట రాశాడు: ‘కొత్తదాంట్లో ఆ పెద్దావిడ లేదు సార్. నాకు ఆవిడ ఉన్నదే బావుంటుంది. ఇంట్లో పడుకున్నట్టుంటుంది.’

భోజనాల బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. అత్తయ్య కొంగు సర్దుకుంది, ఎవరో పెద్దమనిషి వస్తున్నట్టు. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు. ఆయన గొంతే, అప్పటికింకా అంత మెత్తదనం రాలేదు, ఊపిరి లోపలికి అంటున్నాడు. బయటికి అంటున్నాడు. అంతలో వెనకాలనుంచి, గోడలు దాటుకుని వచ్చింది.

“ఒరేయ్, అన్నం చల్లారిపోతోందిరా, రా నాన్నా!”

ఆ ‘నాన్నా’ మీదే, ఆ మాట పూర్తిగా నోట్లోంచి రాకముందే, ఆయన “ష్!” అన్నాడు. బుసకొట్టినట్టే ఉంది. మళ్ళీ అదే శాంతమైన గొంతు, ‘మీ చుట్టూ వినిపించే శబ్దాల్ని తోసెయ్యకండి, అన్నిటినీ రానివ్వండి’ అంది.

నేను ఆయన మొహం చూడలేదు. అత్తయ్యనే చూశాను. మొదట భుజాలు కదిలాయి. నవ్వుతోంది. చప్పుడు లేకుండా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. మళ్ళీ పెట్టమని చెయ్యి ఊపింది. మళ్ళీ పెట్టాడు. మూడోసారి విన్నప్పుడు, ఆ ‘ష్’ రాగానే ఆవిడ వేలు దానంతటది పెదాల మీదికి పోయింది. ఆవిడ చూపు పడకగది తలుపు పిడి వైపు పోయింది. అక్కడ తువ్వాలు లేదు, నేనెప్పుడో చించి బల్ల తుడుచుకుంటున్నాను. అయినా ఆవిడ వేలు తియ్యడానికి కాస్త సమయం పట్టింది.

ఆస్పత్రి అమ్మాయి విని తల అడ్డంగా ఊపింది. ఒక్క ముక్కతో గొంతు తయారు కాదంది. కావాలంటే ఆ ముక్కనే ఒక బొత్తానికి పెట్టిస్తాను, నొక్కితే పలుకుతుంది అంది. అత్తయ్య వెంటనే తలూపింది.

ఆ ‘ష్’ ఒక్కటీ తీసేద్దామని ఆయన కూర్చున్నాడు. శబ్దాలు తుడవడం ఇంకొకళ్ళకి నేర్పగలిగేంత పనితనం వచ్చిన మనిషి. తెర మీద రెండూ ఒకే ముద్దగా ఉన్నాయి. తనది తుడిస్తే అమ్మది పోతోంది. ఎన్ని రకాలుగా చేసినా ‘రా’ దగ్గరే తెగిపోతోంది, ‘నాన్నా’ మిగలడం లేదు. చివరికి తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆ ‘నాన్నా’ ఒక్కటీ కోసేస్తానమ్మా, చివర్లో నా గొంతు ఉండదు అని అడిగాడు. అత్తయ్య ఆస్పత్రిలో ఇచ్చిన పలక తీసుకుని కూడబలుక్కుంటూ రాసింది: నాన్నా ఉండాలి.

ఉంచేశాడు.

ఇప్పుడు రోజూ కంచాలు పెట్టగానే అత్తయ్య బొత్తాం నొక్కుతుంది. ఇంకెవర్ని నొక్కనివ్వదు. అన్నం చల్లారిపోతోందిరా, రా నాన్నా అని ఆవిడ గొంతు ఇల్లంతా మోగుతుంది. దాని మీదే ఆయన గొంతు ష్ అంటుంది. ఆయన ఏ పనిలో ఉన్నా, పాఠం సగంలో ఉన్నా వదిలేసి వచ్చేస్తాడు. ఎంత తొందరగా వచ్చినా ఆ ‘ష్’ ఆయనకంటే ముందే వచ్చేసి ఉంటుంది. తలొంచుకుని కూర్చుంటాడు. ఆవిడ కంచం ఆయన ముందుకి జరుపుతుంది, ఆయన తింటాడు.