బిగించి పట్టిన టేపు

మా ఆవిడ దర్జీ. మెడలో నగ లేకపోయినా టేపు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఆ టేపుతో ఆమె పక్క గది డ్రైవరు పొట్ట కొలుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

నాకూ డ్రైవరుకీ జబ్బు ఒకటే, డాక్టరూ ఒక్కడే. కాలేయంలో క్యాన్సర్ గడ్డ, పొట్టనిండా నీళ్ళు. సూది గుచ్చి తీసినా మళ్ళీ ఊరతాయి. అందుకే ఇద్దరం ఆసుపత్రి ఎదురుగా గదులు అద్దెకు తీసుకున్నాం.

"గడ్డకి రక్తం అందించే నాళంలోకి మందు పంపి దాన్ని మూసెయ్యొచ్చు. కానీ నీళ్ళు ఇలా ఊరుతుంటే మీ కాలేయం తట్టుకోలేదు" అన్నాడు డాక్టరు. "రోజూ బొడ్డు దగ్గర కొలుచుకోండి. పెరిగితే వెంటనే రండి, తీసేసి మందులు మారుస్తాను. నీళ్ళు అదుపులోకి వచ్చాకే అసలు వైద్యం."

డ్రైవరుకి ముందూ వెనకా ఎవరూ లేరు. "చెల్లెమ్మా, నా పొట్ట నాకే అడ్డం. కాస్త నువ్వే కొలిచిపెట్టు" అని మొదటిరోజే వరస కలిపేశాడు. ఈవిడా తక్కువ తినలేదు. "అన్నయ్యగారూ, నిన్నటికంటే పెరిగింది. ఉప్పు తిన్నారా? పదండి ఆసుపత్రికి" అని అతని కళ్ళలోకి చూస్తూ గట్టిగా కసిరేది. అతను పడీపడీ నవ్వేవాడు.

నా దగ్గరికొచ్చేసరికి ఆ గొంతు ఏమయ్యేదో! తల వంచుకుని టేపు చుట్టి, "తగ్గిందండీ" అని గొణిగి వంటగదిలోకి తప్పుకునేది. కట్టుకున్నవాడికి గొణుగుడు, దారినపోయేవాడికి కబుర్లు. అన్నయ్యట, అన్నయ్య! కుళ్ళి చచ్చాను.

ఒక్కటే ఊరట. లెక్క ప్రకారం నా పొట్ట తగ్గుతోంది, అతనిది పెరుగుతోంది. అతను ఆసుపత్రికి పరుగెత్తి నీళ్ళు తీయించుకుని వస్తుంటే, పాపం అనాల్సింది పోయి, బాగా అయిందిలే అనుకునేవాణ్ణి. లుంగీ బిగుతైతే ఉతికితే ముడుచుకుపోయిందనుకున్నాను. ఆయాసం వస్తే మెట్లమీద నెపం పెట్టాను.

పరీక్ష రోజు ఇద్దరం పక్కపక్కనే చొక్కాలు విప్పి పడుకున్నాం. డాక్టరు స్కానింగ్ చూసి డ్రైవరు భుజం తట్టాడు. "నీళ్ళు అదుపులో ఉన్నాయి. వచ్చేవారం వైద్యం మొదలుపెడదాం." నా పొట్టమీద యంత్రం పెట్టగానే డాక్టరు మొహం మారిపోయింది. "ఇంత నిండేదాకా ఏం చేస్తున్నారు? ఇప్పుడు గడ్డ జోలికి వెళ్తే ప్రాణానికే ముప్పు."

అసూయతో పక్కకి చూశాను. డ్రైవరు పొట్ట నున్నగా ఉంది. నా పొట్టమీద, బొడ్డుకి సరిగ్గా అడ్డంగా, ఎర్రటి గీత. పొద్దున టేపు నొక్కుకున్న చోటు.

గదికొచ్చి ఆ గీత చూపించాను. ఆవిడ గోడకి చేరగిలబడిపోయింది.

"ఆయనకైతే ఉన్నది ఉన్నట్టు చెప్పగలనండీ. పెరిగిందంటే మీ మొహం ఎలా అయిపోతుందో చూడలేక… కాస్త బిగించి పట్టుకున్నా. రేపైనా తగ్గకపోతుందా అనుకున్నా."

మర్నాడు నీళ్ళు తీశారు, మందులు మార్చారు. మళ్ళీ మొదటికొచ్చాం. ఈలోగా గడ్డ ఎంత పెరుగుతుందో డాక్టరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం ఆవిడ టేపు పట్టుకుని తల వంచుకుని వచ్చింది. గడ్డం పట్టుకుని తల పైకెత్తాను.

"డ్రైవరుని కొలిచినట్టు కొలువు."

టేపు వదులుగా ఆనింది. అంకె చూసింది. ఆ తర్వాత నా కళ్ళలోకి చూస్తూ, గట్టిగా, కసురుతున్నట్టే అంది:

"పెరిగింది. చొక్కా వేసుకోండి, పదండి ఆసుపత్రికి."

ఇన్నాళ్ళూ ఆ గొంతు కోసమే కదా కుళ్ళుకున్నాను. తీరా అది నాదయ్యాక, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి చేతులు రాలేదు. ఆవిడే పెట్టింది.