ఆరుగురిలో ఒకరు

పోనీ రేపు చెబుదామా అంటే, రేపటికి పెట్టె ఇక్కడ ఉండదు. నాలుగింటికల్లా కొరియర్ మనిషి వచ్చేస్తాడు. ఐసక్క మందపాటి గ్లవుజులు తొడుక్కుని మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరు తలుపు లాగింది. తెల్లటి పొగ మొహాన్ని తాకింది. పదిహేడేళ్లుగా అదే పొగ. ఆ చలి వల్లనే ఆమెకా పేరు వచ్చింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా లేదు.

ఊళ్లో క్యాన్సర్ మీద పరిశోధన చేసేవాళ్లందరికీ కలిపి ఈ ఒక్కటే ల్యాబు. రోగి రక్తంలో ఏ ప్రొటీన్లు పెరిగాయో, ఒంట్లో తయారయ్యే చిన్న చిన్న పదార్థాల్లో ఏవి తగ్గాయో ఇక్కడి మెషీన్లు తూచి చెబుతాయి. వచ్చిన నమూనాలకు నంబర్లు వేసి, ఫ్రీజర్లో సర్ది, అడిగినప్పుడు తీసివ్వడం ఐసక్క పని. పదిమంది రోగుల నమూనాలు అయ్యాక ఒకసారి మెషీనుకు ఆరోగ్యవంతుల రక్తం చూపించాలి. కొలతకు అదే ఆధారం. తొమ్మిదేళ్ల కిందట అందుకోసం ఈ ల్యాబులోనే ఆరుగురి రక్తం తీసి, కలిపి, వందల ట్యూబుల్లో దాచారు. పేర్లు రాయలేదు. పెట్టెల మూతల మీద ‘హెల్దీ’ అని ఐసక్కే రాసింది.

ఆ ఆరుగురిలో ఒకరు ఆమె భర్త. ఆసుపత్రుల నుంచి నమూనాలు తెచ్చే వ్యాను డ్రైవరు. “చూసుకో తల్లీ, డీజిలొస్తుందేమో!” అని సూది పట్టుకున్న అమ్మాయిని నవ్వించాడు. ఏడు నెలలకు కడుపులో నొప్పన్నాడు. క్లోమంలో క్యాన్సర్. “ఇది మొదలై రెండేళ్ల పైనే అయ్యుంటుంది,” అన్నాడు డాక్టరు. రక్తమిచ్చిన నాటికే అది ఉందని తెలియడానికి ఆమెకు వేళ్ల మీద లెక్కపెట్టుకునే పని కూడా లేకపోయింది.

ఆరుగురిలో ఒకరేగా, కలిపేశాక ఎంతని? ఏ కొలతా తప్పి ఉండదు, బహుశా. ఆ ‘బహుశా’ను పట్టుకునే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. ఇప్పుడు కొత్త రక్తం సిద్ధమైంది. మిగిలిన నలభై ట్యూబులూ మరో ఊరి ల్యాబుకు వెళ్తున్నాయి. ఇక వాళ్లూ తమ రోగులను వీటితోనే పోల్చుకుంటారు.

“అక్కా, సర్దేశారా?” ల్యాబు పెద్ద, ఆమెకంటే ఇరవయ్యేళ్లు చిన్నది, తలుపు దగ్గర నిలబడి అడిగింది. “ఏంటలా చూస్తున్నారు? మీరూ పెట్టెలో ఎక్కి వెళ్లిపోయేలా ఉన్నారే!”

“మేడమ్...”

“చెప్పండి.”

“దారిలో చల్లగా ఉండటానికి డ్రై ఐసు సరిపోదేమోనని.”

“ఇంకో సంచీ వేసెయ్యండి,” అని ఆవిడ వెళ్లిపోయింది.

ఐసక్క ఇంకో సంచీ వేసింది. ఇంట్లో అతని చొక్కాలు, చెప్పులు ఎవరెవరికో ఇచ్చేసింది, ఏడవలేదు. ఇక్కడ మాత్రం పది నమూనాలకోసారి ఆ ట్యూబు మెషీనెక్కుతుంటే, మనిషింకా డ్యూటీలో ఉన్నట్టే ఉండేది. అదొక్కటే అయితే ఎప్పుడో చెప్పేసేదే.

నీళ్లు చెంచాతో తాగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం అతను కళ్లు తెరిచి అడిగాడు. “ఏమే, అక్కడ ఫ్రీజర్లో నేనింకా హెల్దీయేనా?”

“మరి! పొద్దున కూడా మిమ్మల్ని మెషీనెక్కించే వచ్చాను,” అంది.

అతను నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ వారంలోనే, ఆమె ఇక్కడ ట్యూబులకు నంబర్లు వేస్తుండగా, ఇంట్లో పోయాడు.

“ఐసక్కా, బండి అడ్డంగా పెట్టొచ్చాను, తొందరగా ఇచ్చెయ్యండి!” కొరియర్ మనిషి చేతులు చాపాడు.

పెట్టె ఎత్తబోయి ఆగింది. అక్కడెక్కడో ఎవరి భర్తదో రక్తం దీని పక్కన నిలబడుతుంది.

“ఉండు బాబూ.”

లోపలి ట్యూబుల పెట్టెను తీసి బల్ల మీద పెట్టింది. గ్లవుజులు తీసి, దాని మూత మీది మంచును చీర కొంగుతో తుడిచింది. మార్కరు మూత పంటితో లాగి, తన దస్తూరీ మీదే అడ్డంగా గీత కొట్టింది. కింద రాసింది: ‘ఆరుగురిలో ఒకరికి అప్పటికే క్యాన్సరు ఉంది. ఆయన నా భర్త.’

“ఇది వెళ్లదు,” అంటూ మేడమ్ గది వైపు నడిచింది.

బల్ల మీద పెట్టె చుట్టూ పొగ పాకుతోంది. తడి మూత మీద గీత కింద ‘హెల్దీ’ అన్న మాట ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.