మూత పెట్టిన గ్లాసు

పొద్దున్న ఆరున్నరకి ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. స్టవ్ మీద పాలు పొంగుతాయి. కోడలు మూడున్నరేళ్ళ పిడుగుని మోకాళ్ళ మధ్య బిగించి పళ్ళు తోముతుంది. నాయనమ్మ గ్లాసులోంచి కట్టుడు పళ్ళు తీసి పెట్టుకుంటుంది.

ఆ పళ్ళు నోట్లో ఉన్నంతసేపూ నాయనమ్మ మాటే మాట్లాడతాయి. బయటికొస్తే తమ మాట తాము మాట్లాడతాయి. "కూరలో ఉప్పెక్కువ" అనో, "వీధి తలుపు గడియ పడలేదు" అనో గ్లాసులోంచి వినిపిస్తే, ఎవరో ఒకరు లేచి గడియ వేసొస్తారు. ఈమధ్య నాయనమ్మ గ్లాసు మీద మూత పెట్టడం మొదలుపెట్టింది. దోమలు పడుతున్నాయట.

కోడలు లిఫ్టు మెకానిక్కు. ఎనిమిదింటికి స్పానర్ల సంచీ భుజానేసుకుని వెళ్తే సాయంత్రమే రావడం. పిడుగు పై ముందుపళ్ళు నాలుగింటికీ చిగుళ్ళ అంచున తెల్లటి గీతలొచ్చినప్పుడు ముందు చూసింది తనే, పిల్లల పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తిందీ తనే. డాక్టరమ్మ మందు పూసి, తీపి మానిపించమంది. మానిపించింది. అయినా మూడు నెలల్లో గీతలు గోధుమరంగు గుంటలయ్యాయి.

"పాలపళ్ళేగా, ఎలాగూ ఊడేవే," అంది మెట్ల మీద పక్కింటావిడ. "అయినా తల్లి ఇంటిపట్టున లేకపోతే అంతేలే."

లారీ తోలుతూ వారానికో పూట ఇంటికొచ్చే తండ్రి వల్ల పుచ్చాయని మాత్రం ఎవరూ అనలేదు.

ఈసారి పిడుగుతో పాటు నాయనమ్మ కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "ఇంకాస్త లోతుకెళ్తే పెద్దాసుపత్రిలో మత్తిచ్చి నాలుగూ పీకాలి," అంది డాక్టరు. "ఇవాళ నోరు తెరిస్తే మందు పూసి ఇక్కడితో ఆపొచ్చు. కానీ ఎక్కణ్ణుంచో తీపి అందుతోందమ్మా. అది ఆగకపోతే నేనెంత పూసినా దండగే."

"నేనేం పెట్టట్లేదండీ, ఒట్టు! అత్తయ్యా, మధ్యాహ్నం మీరేం పెడుతున్నారు?"

"అన్నం, గుడ్డు, అరటిపండు. ఇంకేం పెడతానమ్మాయ్?" అన్నాయి పళ్ళు. నోట్లో ఉన్నాయి కదా మరి.

పిడుగు కుర్చీలో కూర్చుని పెదాలు లోపలికి మడిచేసింది. డాక్టరు బతిమాలింది. తల్లి బెదిరించింది. ఆడుకోమని చేతికిచ్చిన చిన్న అద్దంతో డాక్టరు వేళ్ళ మీద ఒకటి వేసింది పిల్ల.

"ఇక లాభం లేదు. పెద్దాసుపత్రికే చీటీ రాసిస్తాను." డాక్టరు పెన్ను తీసింది.

నాయనమ్మ ఆ పెన్ను వంక చూసింది. కోడలి వంక చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి కుర్చీ దగ్గరికెళ్ళింది.

"ఇటు చూడవే పిడుగూ! నా నోరు కూడా డాక్టరమ్మకి ఇచ్చేస్తున్నా," అని పై వరసా కింద వరసా తీసి ట్రేలో పెట్టింది.

బుగ్గలు లోపలికి పోయిన నాయనమ్మని చూసి పిడుగు పకపకా నవ్వింది. నవ్విన నోరు మూసుకోకముందే డాక్టరు దూది పెట్టి, కుంచె అందుకుంది.

ట్రేలో పళ్ళు గొంతు సవరించుకున్నాయి. "పన్నెండున్నరకి పాలసీసా. రెండు చెంచాల చక్కెర. సీసా నోట్లో పెట్టుకునే నిద్ర, నాలుగింటి దాకా."

"రోజూనా?" అంది డాక్టరు, కుంచె ఆపకుండా.

"ఆదివారం తప్ప. ఆదివారం తల్లి ఇంట్లో ఉంటుంది."

"అదీ సంగతి. నిద్రలో ఉమ్ము సరిగ్గా ఊరదు. ఆ తీపంతా పళ్ళని పట్టుకుని కూర్చుంటుంది."

కోడలు గిరుక్కున తిరిగింది. "ఊరంతా నన్ను అంటుంటే వింటూ కూర్చున్నారా అత్తయ్యా?"

పళ్ళు లేని నోట్లో నాయనమ్మ మాట మెత్తబడిపోయింది. "నువ్వు వెళ్ళగానే నీ చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంటుంది. పన్నెండు కొడితే ఏడుపు. ఊపిరాడనంత ఏడుపు. నీకు చెప్తే లిఫ్టు గోతిలో నిలబడి దీని గురించే ఆలోచిస్తావు. అక్కడ చెయ్యి జారితే నిన్నెవరు తెచ్చిస్తారే నాకు?"

ట్రేలోని పళ్ళు ఈసారి ఒక్క ముక్క కూడా దిద్దలేదు.

కోడలు స్పానర్ల సంచీ పట్టీని మెలిపెట్టింది. "మూత దోమలకన్నారే!" అంది. నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

"అయిపోయింది," అంది డాక్టరు. "గుంటలు నల్లబడతాయి, కంగారు పడకండి. నల్లబడి గట్టిపడితే పుచ్చు ఆగినట్టే. వెనకొచ్చే పళ్ళకి చోటు కాస్తూ ఇవి అక్కడే ఉంటాయి."

"ఆడపిల్లకి నల్ల పళ్ళా?" అంది నాయనమ్మ.

"నల్లగా ఉంటే ఉండనివ్వండి అత్తయ్యా. ఉంటాయిగా!"

మర్నాడు పన్నెండున్నరకి సీసా లేదు. పిడుగు ఏడుపు అందుకోబోతుంటే నాయనమ్మ పళ్ళు తీసి గ్లాసులో వేసింది. మూత పెట్టలేదు.

"మీ అమ్మ ఎక్కడుందో చెప్పనా?" అన్నాయి పళ్ళు. "తొమ్మిదో అంతస్తులో ఉంది. మోచేతి దాకా గ్రీజు. ఇప్పుడు ఎనిమిదికి దిగింది... ఏడు..."

మూడో అంతస్తు రాకముందే పిల్ల నిద్రపోయింది. అమ్మ చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

మూడు నెలల తర్వాత డాక్టరు గుంటల్ని సన్నటి కడ్డీతో గీరి చూసింది. రాయిలా ఉన్నాయి. "పీకడం మాట మర్చిపోండి," అంది.

మెట్ల మీద పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, పళ్ళు అలా నల్లబడ్డాయేమే?"

డాక్టరు బతిమాలినా తెరవని నోరు పిడుగు బార్లా తెరిచింది, నాలుగూ బాగా కనబడేలా.