అడ్రసు మారని నగలు

చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేయించే భూషణానికి 2001లో వెబ్‌సైటు తయారుచేసి పెట్టింది మేనకోడలు ఐశ్వర్య. గుడివాడలో కంప్యూటర్ కోర్సు పూర్తయ్యాక అదే ఆమె మొదటి పని. తెరను ఫ్రేములుగా విడదీసి, ఎడమవైపు నగల పేర్లు కదలకుండా నిలిపి, కుడివైపు బొమ్మలు మాత్రం మారేలా చేసింది. ఫ్రేములు వద్దన్న కోర్సు మాస్టారి మాట పెడచెవిన పెట్టింది. చూసినవాళ్లంతా మెచ్చుకుంటుంటే పిల్ల నేలమీద నిలవలేదు.

దసరాకి ముందు విశాఖ నుంచి రోజా అనే నాట్యం టీచరు మెయిలు పంపింది. "ఈ పేజీలో ఉన్న నగ మా పిల్లలు ఎనిమిది మందికీ కావాలండీ" అని, కింద సైటు అడ్రసు. ఐశ్వర్య దాన్ని నొక్కితే వడ్డాణం కనిపించింది. ఇంకేం, వడ్డాణాలేనని మావయ్యకి చెప్పేసింది.

భూషణానికి ఒక పట్టింపు ఉంది. అడిగినవాళ్లు చూసి సరే అంటేగాని ఏ నగకీ బంగారు పూత వేయించడు. రాగి రంగులోనే ఉన్న మొదటి వడ్డాణాన్ని బస్సు పార్సిల్లో విశాఖ పంపాడు. ఉత్త చాదస్తమని ఐశ్వర్య విసుక్కుంది.

పార్సిలు అందగానే రోజా ఫోను చేసింది. "పనితనం బావుందండీ. కానీ నేనడిగింది జడనాగరం కదా! ఆ బొమ్మ తెరిచే, పైనున్న అడ్రసు కాపీ చేశాను."

ఐశ్వర్యకి అప్పుడు వెలిగింది. ఫ్రేముల్లో ఏ నగ తెరిచినా పైన అడ్రసు మారదు. దాన్ని ఇంకొకరికి పంపితే వాళ్లకి మొదటి పేజీయే, అందులోని వడ్డాణమే తెరుచుకుంటుంది. మాస్టారు మొత్తుకున్నది ఇదే! ఆ ఒక్క వడ్డాణం ముందుగా వెళ్లకపోయుంటే, పండక్కి పిల్లలు బోసి జడలతో గజ్జె కట్టేవారు.

"తప్పు నాదేనండీ, మా మావయ్యది కాదు" అంది.

"ఇంకా టైముందిగా, కంగారుపడకండి. ముందే చూపించినందుకు మీ మావయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి."

ఐశ్వర్యకి ప్రాణం లేచొచ్చింది. ఆ ముక్కూమొహం తెలియని మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

జడనాగరాలు పండక్కి ముందే చేరాయి. ఈలోగా ఆమె ఫ్రేములు పీకేసి, ఒక్కో నగకీ విడిగా పేజీ, దాని అడ్రసు దానికి పెట్టింది. సైటు ఇంకెవరికైనా అప్పగిస్తాడేమోనని బిక్కుబిక్కుమంటూనే మావయ్యకి చూపించింది.

భూషణం అన్నీ తిప్పించి చూశాడు. "కొట్టు పేరుంది, ఫోన్ నంబరుంది. నీ పేరేదే?"

"నా పేరెందుకు మావయ్యా, ఇంత నిర్వాకం చేశాక?"

"ఇక్కడ ఇన్ని కొట్లున్నాయి. ఈ సైటు చేసిందెవరో తెలియకపోతే వాళ్లు నీ దగ్గరికి ఎలా వస్తారే?"

ఐశ్వర్య పేజీ అడుగుకి వెళ్లింది. కళ్లనీళ్లతో కీబోర్డు మసకమసకగా కనిపిస్తుంటే, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ తన పేరు కొట్టింది.